ప్రమాదం లేని వెయ్యో రోజు

సౌదీలోని దమ్మామ్ పారిశ్రామికవాడలో ఉన్న ఆ ల్యాబు గుమ్మం పక్కన ఒక పచ్చరంగు బోర్డు ఉంది. దాని మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ 'ప్రమాదం లేని రోజులు' అని రాసి, కింద నాలుగు కొక్కేలు పెట్టారు. రోజూ పొద్దున ఏడింటికి, ఇంకా ఎవరూ రాకముందే, లింబాద్రి స్టూలెక్కి పాత రేకు అంకె తీసి కొత్తది తగిలిస్తాడు. ఆ పని చేస్తున్నంతసేపూ దగ్గుతూనే ఉంటాడు. ఆ సోమవారం తగిలించాల్సింది తొమ్మిదివందల తొంభై. ఎంత దగ్గాడంటే చేతిలోని సున్నా జారి, నేల మీద పడి, గిర్రున తిరిగి తలుపు దాకా పోయింది.

మొదటి కొక్కెం మాత్రం ఎప్పుడూ ఖాళీయే. అది వెయ్యి కోసం ఎదురుచూస్తోంది. అక్కడ పెట్టాల్సిన ఒకటి అంకెకు సేఫ్టీ ఆఫీసరు గౌస్ మొహిద్దీన్ ముందుగానే బంగారు రంగు వేయించి, మెత్తటి గుడ్డలో చుట్టి డ్రాయరులో దాచుకున్నాడు. పెళ్ళినాటి ఉంగరాన్ని కూడా ఆయన అంత జాగ్రత్తగా దాచుకుని ఉండడు.

ఈ తొమ్మిదివందల తొంభై రోజులు ఊరికే రాలేదు. బీకరు పగిలి, ల్యాబులో పనిచేసే దిలావర్ వేలు తెగిన రోజున, రికార్డులో అతను పనివాళ్ళుండే క్యాంపులో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. పైపు దింపుతుంటే కాలు నలిగిన పెద్దాయన, రికార్డు ప్రకారం, ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఆయనకి యాభై ఏడేళ్ళు. శుక్రవారాలు, పండగ సెలవులు కూడా లెక్కలోకే వస్తాయి. ల్యాబుకు తాళం వేసి ఉన్న రోజున ఎవరికీ ఏమీ కాదు కాబట్టి, గౌస్ దృష్టిలో అన్నిటికన్నా సురక్షితమైన రోజులు అవే.

లింబాద్రిది జగిత్యాల దగ్గర పల్లెటూరు. ల్యాబులో హెల్పరు. నూనె బావుల్లో వాడే బురదను అక్కడ పరీక్షిస్తారు. దానికి ఒక తెల్లపొడి కావాలి. నూనెనీ నీళ్ళనీ కలిపి, నురగ లేపే మందు అది. డ్రమ్ము మీద సోడియం లారిల్ సల్ఫేట్ అని పొడుగాటి పేరుంటుంది గానీ, ల్యాబులో అందరూ దాన్ని సబ్బుపొడి అనే అంటారు. పాతిక కిలోల డ్రమ్ములోంచి అర కిలో డబ్బాల్లోకి తోడటం, కింద పడిన పొడిని చీపురుతో ఊడ్చటం లింబాద్రి పని. ఆ పొడి గోధుమపిండి కన్నా సన్నం. గరిటె ముంచితే చాలు, పొగలా లేస్తుంది. పైనున్న ఏసీ దాన్ని ఒక్క రేణువు కూడా వృథా పోనీకుండా లింబాద్రి ముక్కులోకి నెడుతుంది. నాలుగు నెలలుగా అతను చాయ్ తాగినా సబ్బు రుచే, అన్నం తిన్నా సబ్బు రుచే.

మొదట్లో ఒకసారి ముక్కు మండుతోందని గౌస్‌తో చెప్పాడు. గౌస్ పకపకా నవ్వాడు. ఆయనది కడప. ఇంగ్లీషు ఎంత గడగడా మాట్లాడినా, తెలుగులో దిగితే మాత్రం కడప వదలదు.

"ఏమప్పా, నువ్వు నెత్తికి రుద్దుకునే షాంపూలో ఉండేది ఇదే. పొద్దున పండ్లు తోముకునే పేస్టులో ఉండేది ఇదే. నోట్లో పెట్టుకునేదానికి లేని భయం, ఈడ డబ్బాలో పోసేదానికి వచ్చిందా?"

షాంపూని ఎవరూ ముక్కుతో పీల్చరు గదా అని లింబాద్రికి తట్టింది. గౌస్ ముందు అతనికి నోరు లేవదు. దానికో కారణం ఉంది. అంతకుముందు నాలుగేళ్ళు లింబాద్రి ఖఫ్జీలో ఎండకు మాడిపోతూ ఇనుప గొట్టాలు మోశాడు. ఒకరోజు తనిఖీకి వచ్చిన గౌస్, అతను ఫోనులో మాట్లాడేది విని, "తెలుగోనివా?" అని పలకరించాడు. ఆ ఒక్క మాటతో లింబాద్రి ఎండలోంచి ఏసీలోకి వచ్చిపడ్డాడు. ఆ మేలు గౌస్ మరిచిపోడు, లింబాద్రిని మరిచిపోనివ్వడు.

ల్యాబులో మాస్కులు లేవా అంటే, ఉన్నాయి. నల్లకళ్ళజోళ్ళు కాదు, కంటి చుట్టూ అతుక్కునే అసలైన కళ్ళజోళ్ళు. మంచి గ్లవ్స్. సన్నపొడిని ఆపే మాస్కులు నాలుగు డజన్లు. అన్నీ మేనేజరు గది ఎదురుగా అద్దాల బీరువాలో, లోపల లైటు వేసి, వరసగా పేర్చి ఉన్నాయి. బీరువాకి తాళం. తాళంచెవి గౌస్ బెల్టుకు వేలాడుతుంది. తనిఖీకి ఎవరొచ్చినా ముందు ఆ బీరువా చూపిస్తారు. వాళ్ళు తల ఊపి ఫొటో తీసుకుని పోతారు. వాడితే మాసిపోతాయి కాబట్టి ఎవరూ వాడకూడదు. ఆ అద్దాలను రోజూ తుడిచేది మాత్రం లింబాద్రే. లోపల మాస్కు, బయట దగ్గు, మధ్యలో అద్దం.

ఇక శిక్షణ. నెలకోసారి గౌస్ పదహారు పేజీల ఇంగ్లీషు కాగితాల కట్ట పట్టుకొచ్చేవాడు. ఆ పొడిని ఎలా వాడాలో, దానివల్ల ఏమేం ముప్పో అందులో ఉంటుందట. చివరి పేజీ తిప్పి, "చదివి అర్థం చేసుకున్నాను అని ఈడ సంతకం పెట్టు" అనేవాడు. లింబాద్రి ఏడో తరగతి దాకా చదివాడు, తెలుగులో పొందికగా సంతకం పెడతాడు. మొదటిసారి అతను పెన్ను పట్టుకుని, ఇందులో ఏముంది సార్ అన్నట్టు చూస్తే, గౌస్ నలుగురిలో బొటనవేలు ఎత్తి ఊపుతూ అన్నాడు, "సంతకం రాదంటే చెప్పప్పా, ఇంకుప్యాడు తెప్పిస్తా. వేలిముద్ర వేద్దువు." తెలుగు రానివాళ్ళు కూడా ఆ వేలు చూసి నవ్వారు. లింబాద్రి గబగబా సంతకం పెట్టేశాడు. ఆ నవ్వు మాత్రం అతని లోపల ఎక్కడో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

దగ్గు సంగతి లింబాద్రి భార్యకు చెప్పలేదు. కూతురు కావ్యకి చెప్పే అవసరమే రాలేదు. పదో తరగతి చదువుతున్న ఆ పిల్లకి అన్నీ లెక్కపెట్టే అలవాటు. మొన్న శుక్రవారం పొద్దున ఫోను పెట్టేసే ముందు అంది.

"నాయినా, ఇయ్యాల మనం మాట్లాడింది పన్నెండు నిమిషాలు. నువ్వు దగ్గింది ముప్పై ఒక్కసారి. పోయిన వారం ఇర్వై నాలుగు."

లింబాద్రి నవ్వి మాట మార్చాడు. ఇక్కడ తన రోజులు లెక్కపెట్టే బోర్డు ఒకటుంది, అక్కడ తన దగ్గులు లెక్కపెట్టే కూతురు ఒకతుంది. రెండింట్లో ఒకటి అబద్ధం చెబుతోందని అతనికి ఆ రోజే తెలిసిపోయింది.

మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగాక క్లినిక్కుకి వెళ్ళాడు. డాక్టర్ ఉమేరా హైదరాబాద్ ఆమె. గొట్టంలోకి గట్టిగా ఊదించి, కాగితం మీద వచ్చిన గీతను చూసి, ఏం పని చేస్తారని అడిగింది.

"సబ్బుపొడి డబ్బాలల్ల నింపుత డాక్టరమ్మా."

"ఏం సబ్బు? పేరు చెప్పండి."

లింబాద్రి జేబులోంచి డ్రమ్ము లేబులు ముక్క తీసి చూపించాడు. ఆమె చదివి అతని మొహంలోకి చూసింది. "మాస్క్ వేసుకుంటున్నారు కదా?"

లింబాద్రికి అద్దాల బీరువా కళ్ళముందు మెదిలింది. తల అడ్డంగా ఊపాడు.

"చూడండి, మీకు ఉబ్బసం మొదలవుతోంది," అంది ఆమె, ఒక్కో మాటా విడదీసి. "ఇప్పుడు ఆ పొడి పీల్చడం మానేస్తే తగ్గిపోతుంది. ఇంకో నాలుగైదు నెలలు ఇట్లనే పీలిస్తే, తర్వాత మానేసినా తగ్గదు. ఊపిరికి అదే అలవాటైపోతుంది. మందు నేను ఇస్తాను, మాస్క్ మాత్రం మీ కంపెనీయే ఇవ్వాలి. ఆ పొడికి కాగితాలుంటాయి, అడిగి చదివించుకోండి."

కాగితాలను స్టోర్‌కీపరు జావీద్ చదివి పెట్టాడు. జావీద్‌దీ హైదరాబాదే. మర్నాడు భోజనాల వేళ, డబ్బాల చాటున కూర్చుని, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాడు. దుమ్ము లేవనియ్యకూడదు. దుమ్ము పీల్చకూడదు. పొడి చీపురుతో ఊడ్వకూడదు, తడిగుడ్డతో మెల్లగా ఎత్తాలి. గాలి లాగేసే పెట్టె కిందే తూచాలి. కంట్లో పడితే కన్ను బాగా దెబ్బతింటుంది, వెంటనే పదిహేను నిమిషాలు ధార కింద కడగాలి. కింద ఒలికినదాని మీద నీళ్ళు పడితే నేల జారుడవుతుంది.

"పొడి చీపురుతోని ఊడ్వద్దని గూడ రాసిందా?" అన్నాడు లింబాద్రి. ఆ చీపురు కొనిచ్చింది గౌసే.

"రాసింది భాయ్. కింద నీ సంతకం గూడ ఉంది. ఒక్కటి కాదు, మూడు ఉన్నయ్. అన్నీ సమజైనయని నువ్వే రాసిచ్చినవ్ గద."

లింబాద్రికి సిగ్గేసింది. తనకు ఏమవుతుందో ముందే తెలిసినట్టు, అయినా ఫర్వాలేదని ఒప్పుకున్నట్టు, మూడుసార్లు పొందికగా సంతకం పెట్టాడు. వీసా కాగితాల మీద ఎలా పెట్టాడో అలాగే.

ఆ సాయంత్రమే గౌస్ గదికి వెళ్ళాడు. బోర్డు మీద తొమ్మిదివందల తొంభై రెండు. గౌస్ వెయ్యో రోజు కేకు మీద ఏం రాయించాలో ఆలోచిస్తున్నాడు.

"సారూ, నాకొక మాస్కు ఇయ్యున్రి. దమ్ము ఆడ్తలేదు. డాక్టరమ్మ గూడ చెప్పింది."

గౌస్ పెన్ను కింద పెట్టాడు. లేచి తలుపు వేసి వచ్చి, లింబాద్రి భుజం మీద చెయ్యేశాడు. "డాక్టరు దగ్గరకి పోయినావా? కంపెనీ పేరు చెప్పినావా?"

"లేదు సార్."

"మంచిపని చేసినావు. ఇను. ఇప్పుడు ఆ బీరువా తెరిచి నీకు మాస్కు ఇస్తే రిజిస్టరులో రాయాల. ఎందుకిచ్చినావని అడుగుతారు. దగ్గుతాండాడని చెప్పాల. దగ్గు యాడ నుంచి వచ్చిందంటారు. అది కేసు అయితాది. కేసు అయితే బోర్డు సున్నా. ఎనిమిది దినాల్లో వెయ్యి పెట్టుకుని ఇప్పుడు సున్నానా?"

"మరి నా దమ్ము సార్?"

"ఎనిమిది దినాలు ఊపిరి బిగబట్టుకో అప్పా. వెయ్యో రోజు అయిపోయినాక నాలుగు డజన్లూ నీకే ఇస్తా. ఇంగోటి, దగ్గని కాగితం మీదికెక్కితే నీకే నష్టం. ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా రెన్యువల్ దగ్గర పడతాంది. రోగమున్నోడని ఎక్సిట్ కొట్టి ఊరికి పంపిస్తారు. మనం మనం తెలుగోళ్ళం. ఇంటిమాట బయటకి పోనీయొద్దు."

లింబాద్రి సరేనని బయటకు వచ్చాడు. ఎనిమిది రోజులు ఊపిరి ఎట్లా బిగబట్టాలో పదహారు పేజీల్లో ఎక్కడైనా రాశారేమో జావీద్‌ని అడగాలనుకున్నాడు. మర్నాడు తువ్వాలు తడిపి మూతికి కట్టుకున్నాడు. గంటలో గౌస్ వచ్చి విప్పించాడు. ఫొటోలు తీస్తున్నారు, తువ్వాలు కట్టుకున్న మనిషి ఫొటోలో పడితే ల్యాబులో ఏదో ప్రమాదం ఉందనుకుంటారట.

వెయ్యో రోజు గురువారం పడింది. నూనె కంపెనీ నుంచి పెద్ద ఇంజినీరు ముఖ్య అతిథిగా వస్తున్నాడు. పదకొండింటికి కార్యక్రమం. ల్యాబు గోడలకు కాగితపు తోరణాలు కట్టారు. మూల కొత్తగా కళ్ళు కడుక్కునే కుళాయి బిగించారు. మీట నొక్కితే రెండు ధారలు పైకి చిమ్మి రెండు కళ్ళనూ కడుగుతాయట. అతిథి చేత ప్రారంభోత్సవం చేయించాలని దానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు, పళ్ళెంలో కత్తెర పెట్టారు. బంగారు ఒకటి అంకెను గౌస్ ఆ రోజు తన చేత్తోనే తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు తుడుచుకున్నాడు. మూడు సున్నాలూ లింబాద్రి తగిలించాడు.

ఇంతటితో ఆగితే ఏ గొడవా లేదు. గౌస్‌కి నురగ ప్రదర్శన పెట్టాలని బుద్ధిపుట్టింది. నిలువెత్తు గాజుగొట్టంలో నీళ్ళు పోసి, సబ్బుపొడి వేసి, కింద నుంచి గాలి ఊదితే తెల్లగా నురగ పొంగి పైదాకా వస్తుంది. అతిథి అడుగు పెట్టగానే అది పొంగాలి. పదకొండుకు పది నిమిషాలుండగా, అతిథి కారు గేటు దాటిందని ఫోను వచ్చింది. లింబాద్రి గరిటెతో కొద్దికొద్దిగా పొడి తీస్తున్నాడు, మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టుకుని.

"ఇట్ల తీస్తే ఎప్పటికైతాది? వాళ్ళు దిగుతాండారు. వంచెయ్," అన్నాడు గౌస్.

"వంచితే దుమ్ము లేస్తది సార్. కాగితంల గూడ రాసింది."

"కాగితం నాకు చెప్తావా?" అని గౌస్ తనే డ్రమ్ము పట్టుకుని ఎత్తి వంచాడు.

డ్రమ్ము అడుగున గడ్డకట్టిన పొడి ఒక్కసారిగా ఊడి, గొట్టంలో పడకుండా బల్ల మీద పడి పొగలా లేచింది. బల్లకు అవతల నిలబడ్డ లింబాద్రి మొహం తెల్లగా అయిపోయింది. ఆ మరుక్షణం రెండు కళ్ళలో కారం కొట్టినట్టయింది. అతను కేక వెయ్యలేదు, కేక వెయ్యటానికి ఊపిరి లేదు. తడుముకుంటూ మూలనున్న కుళాయి వైపు పరుగెత్తాడు.

"రిబ్బను, రిబ్బను," అన్నాడు గౌస్ వెనకనుంచి. "అది చీఫ్ గెస్టు కత్తిరించాల."

లింబాద్రి రిబ్బనును తలతోనే తెంపుకుని వెళ్ళి మీట నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు. ఎట్లా వస్తాయి? పైపు ఆదివారం కలుపుతామన్నారు. ప్రారంభోత్సవానికి కావలసింది రిబ్బను, నీళ్ళు కాదు.

జావీద్ తాగేనీళ్ళ పెద్ద క్యాను భుజానికెత్తుకుని వచ్చి, లింబాద్రిని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. వేళ్ళతో రెప్పలు విడదీసి సన్నటి ధారగా పోశాడు. ఒక క్యాను అయిపోయింది, రెండోది తెచ్చాడు. బల్ల మీంచి రాలిన పొడి మీదకు నీళ్ళు పారాయి. నేలంతా నురగ కమ్మింది. గాజుగొట్టంలో రావలసిన నురగ నేల మీద, గౌస్ కోరుకున్న దానికన్నా దివ్యంగా వచ్చింది.

సరిగ్గా అప్పుడు, మేనేజరు గదిలో కాఫీ మర్యాదలు ముగిశాక, తలుపు తెరుచుకుంది. ముందు అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు, పక్కన అతిథి, వెనక ఫొటోలు తీసే అతను. గౌస్ ఖర్జూరాల పళ్ళెం అందుకుని, మొహాన నవ్వు పులుముకుని, వాళ్ళను గుమ్మంలోనే ఆపేద్దామని పరుగు తీశాడు. మూడో అడుగుకి రెండు కాళ్ళూ గాల్లోకి లేచాయి. కుడిచెయ్యి కిందపెట్టి పడ్డాడు. మణికట్టు విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. ఖర్జూరాలు నురగలో నాలుగు దిక్కులకూ పోయాయి.

అందరూ ఒక్కసారి ముందుకు రాబోతే, అతిథి చెయ్యెత్తి ఆపాడు. సౌదీ మనిషి, నెరిసిన గడ్డం, తక్కువ మాట్లాడే రకం. నేల మీద ఏదైనా చల్లేదాకా ఎవరూ అడుగు వెయ్యొద్దన్నాడు. తర్వాత జావీద్‌ని ఒకటే అడిగాడు, ఎన్ని నిమిషాలు కడిగావని. తొమ్మిది అన్నాడు జావీద్.

"ఇంకా ఆరు," అన్నాడు అతిథి. గుమ్మంలోనే నిలబడి గడియారం చూసుకోసాగాడు. అంబులెన్సుకు ముదీర్ ఫోను చేశాడు.

ఆ ఆరు నిమిషాలూ ల్యాబులో ఎవరూ కదల్లేదు. లింబాద్రికి రెండు గజాల దూరంలో గౌస్, విరిగిన చెయ్యి పొట్టకు అదుముకుని, నురగలో పడి ఉన్నాడు. అంత నొప్పిలోనూ ఆయన కళ్ళు బోర్డు మీదే ఉన్నాయి. తెలుగు అక్కడ ఇంకెవరికీ రాదు, జావీద్‌కి తప్ప.

"లింబాద్రీ," అన్నాడు మెల్లగా. "వాళ్ళు అడిగితే కంట్లో నలక పడిందని చెప్పు."

లింబాద్రి తల తిప్పి రెండో కన్ను ధార కింద పెట్టాడు.

"నా చెయ్యి సంగతి నేను చూసుకుంటాలే. రాత్రి ఇంట్లో బాత్రూములో పడినా అని రాయిస్తా. ఇప్పుడు వాపు బయటపడిందంటా. బోర్డు మాత్రం ముట్టుకోవద్దు. నీకు దండం పెడతా. మనం మనం తెలుగోళ్ళం."

నీళ్ళ కింద కళ్ళు తెరుచుకుని ఆ మాటలు వింటున్న లింబాద్రికి మొదట జాలేసింది. చెయ్యి విరిగి ఎదురుగా పడి ఉన్న మనిషి, పదిమంది చూస్తుండగా, నేను ఇక్కడ పడలేదంటున్నాడు. ఆ తర్వాత కోపం వచ్చింది. ఇతనికి తన చేతి మీదే దయలేదు, ఇక నా ఊపిరి మీద ఏముంటుంది అనుకున్నాడు. ఏసీలోకి తెచ్చినందుకు నాలుగు నెలలు నోరు మూసుకుని పొడి పీల్చాడు. ఆ బాకీ ఈ రోజుతో చెల్లింది.

"సార్, మీరు ఈడ్నే పడ్డరు," అన్నాడు. "నేను జూసిన. నాకు ఒక కన్ను కనవడ్తుంది."

పదిహేను నిమిషాలు అయ్యాయని అతిథి తల ఊపాడు. జావీద్ క్యాను దించాడు. ఎవరో ఇసుక తెచ్చి దారి పొడుగునా చల్లారు. లింబాద్రి గోడ పట్టుకుని లేచాడు. ఎడమ కన్ను ఎర్రగా ఉబ్బి మూసుకుపోయింది. నీళ్ళు కారుతున్న బట్టలతోనే ఇసుక మీదుగా నడిచి గుమ్మం పక్కకు వెళ్ళి, రోజూ ఎక్కే స్టూలు లాక్కుని ఎక్కాడు. ఎక్సిట్ కొట్టి పంపిస్తారేమోనన్న భయం పోలేదు, భయంతోనే చెయ్యి పైకి చాపాడు.

పెద్ద పనేం లేదు. బంగారు ఒకటి తీసేశాడు. మిగిలిన మూడు సున్నాలూ తను పొద్దున పెట్టినవే.

గౌస్ కళ్ళు మూసుకున్నాడు. ఇది ఎందుకు తీశాడని అతిథి ముదీర్‌ని అడిగాడు. వీడు కొత్తవాడు, అది ఉత్త సబ్బు అన్నాడు ముదీర్. అతిథి వంగి డ్రమ్ము మీది లేబులు మొదటి నుంచీ చివరిదాకా చదవటం మొదలుపెట్టాడు. ఆయన చదువుతున్నకొద్దీ ముదీర్ మొహం మాడిపోతూ వచ్చింది.

లింబాద్రి స్టూలు దిగి గౌస్ దగ్గర కూర్చున్నాడు. ఒకటి అంకెను ఆయన మంచి చేతిలో పెట్టి, తన చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇయ్యున్రి సార్."

గౌస్ ఎడమచేత్తో బెల్టు తడుముకుని, తాళంచెవి తీసి ఇచ్చాడు. నాలుగు నెలలుగా రోజూ తుడిచిన అద్దాలను లింబాద్రి ఆ రోజు తెరిచాడు. మాస్కు పెట్టుకున్నాక మొదటిసారి నిండుగా గాలి పీల్చాడు. మధ్యలో దగ్గొచ్చింది, అయినా పీల్చాడు.

కన్ను నయం కావటానికి వారం పట్టింది. దగ్గు ఇంకా కొన్ని నెలలు ఉంటుందనీ, పొడి పీల్చకపోతే మెల్లగా పోతుందనీ డాక్టర్ ఉమేరా చెప్పింది. ఎవరూ అతనికి ఎక్సిట్ కొట్టలేదు. కొట్టేముందు ఎందుకో రాయాల్సి వచ్చేది, ఆ కాగితం ఇప్పుడు అతిథి దగ్గరకు పోతుంది. అంత ధైర్యం ముదీర్‌కి లేదు. ఆ శుక్రవారం కావ్య లెక్క పందొమ్మిది.

అతిథి పెట్టిపోయిన షరతులు రెండు. కుళాయికి ఆ సాయంత్రానికల్లా నీళ్ళు రావాలి. పొడి ఉన్న గదిలో అడుగు పెట్టేవాళ్ళందరూ, ఎంతటివారైనా, ఆ కాగితాలు తమ తమ భాషలో విని, ఆ తర్వాతే సంతకం చెయ్యాలి. తెలుగు కాగితం జావీద్ చెబుతుంటే లింబాద్రి రాశాడు, నాలుగు పేజీలు, తన గుండ్రటి అక్షరాలతో.

పదో రోజున గౌస్ డ్యూటీకి వచ్చాడు. కుడిచెయ్యి వేళ్ళ దాకా కట్టు, మెళ్ళోంచి దాన్ని మోసే పట్టీ. బోర్డు మీద పది ఉంది. దాని వైపు చూడకుండా తలుపు తోసుకుని లోపలికి రాబోతే, లింబాద్రి కుర్చీ వేశాడు.

"కూసోన్రి సార్. సద్వి ఇనిపిస్త."

"నాకెందుకప్పా? మీ చేత సంతకాలు పెట్టించినోన్ని నేను."

"అందరికీ అన్నరు సార్."

గౌస్ కూర్చున్నాడు. లింబాద్రి మాస్కు గడ్డం కిందికి దించి, చీపురు సంగతి దగ్గర కాస్త ఆగి, నాలుగు పేజీలూ చదివాడు. ఒక్కో పేజీ చివర "సమజైందా సార్?" అని అడిగాడు. అయిందని గౌస్ నాలుగుసార్లు అన్నాడు. చివరి పేజీ ఆయన ముందు పెట్టి లింబాద్రి పెన్ను ఇచ్చాడు. గౌస్ కట్టు కట్టిన కుడిచేతి వైపు చూసుకున్నాడు. చుట్టూ దిలావర్, జావీద్, మిగతావాళ్ళూ నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు.

"సంతకం రాదంటే చెప్పున్రి సార్," అన్నాడు లింబాద్రి, ఎంతో మర్యాదగా. డ్రాయరు తెరిచి, ఇంకుప్యాడు మూత తీసి, ఆయన ఎడమ బొటనవేలు దగ్గరకు జరిపాడు.